సముద్రం వైపు గుంజ

ఆ ఏడు గాలి ఇరవై రోజులు ముందే తిరిగింది. ఆ సంగతి అందరికన్నా ముందు తెలియాల్సింది నాకు. నా ఉద్యోగమే గాలి.

మా ఓనరుకి దీవి మీద డైవింగ్ షాపు ఉంది. పట్నాల నుంచి జనం గుంపులుగా పడవ దిగుతారు. రబ్బరు సూట్లు తొడుక్కుని, వీపున సిలిండరు కట్టుకుని, నీళ్ళ అడుక్కి వెళ్ళి చేపల్ని చూసి వస్తారు. దిగేటప్పుడొక ఫోటో, ఎక్కేటప్పుడొక ఫోటో. ఆ సిలిండర్లలో గాలి నింపేది నేను. పదకొండేళ్ళుగా అదే పని. ఇన్నేళ్ళలో ఒక్కడైనా షెడ్డులోకి తొంగిచూసి గాలి బాగుందయ్యా అన్న పాపాన పోలేదు. చేప బాగుందంటారు, పడవ బాగుందంటారు, గైడు బంగారమంటారు. ఆ గైడు మా బావమరిది. ఫోటోలన్నీ వాడితోనే.

షెడ్డు సంగతి కాస్త చెప్పాలి. అందులో కంప్రెసర్ ఉంటుంది. అది ఒక పొడుగాటి గొట్టంలోంచి బయటి గాలి లాక్కుని సిలిండర్లలోకి కుక్కుతుంది. గొట్టం కొసని బయట ఒక గుంజ పైన కడతాం. గుంజలు రెండు, సముద్రం వైపు ఒకటి, కొండ వైపు ఒకటి. మధ్యలో షెడ్డు, దాని వెనకే జనరేటరు. సముద్రం మీంచి గాలి వీచినన్నాళ్ళు జనరేటరు పొగ కొండ వైపు పోతుంది కాబట్టి గొట్టం సముద్రం వైపు గుంజ మీద ఉండాలి. గాలి తిరిగి కొండ మీంచి వీస్తే గొట్టాన్ని కొండ వైపు గుంజకి మార్చాలి. ఏడాదికి రెండుసార్లు. గాలి ఎటుందో తెలియడానికి గుంజల నెత్తిన పాత చొక్కా చింపి కట్టిన గుడ్డలుంటాయి. ఏడో తరగతితో బడి మానేసినవాడికి కూడా అర్థమయ్యే పని కాబట్టే నా చేతిలో పెట్టారు.

గుంజ రెండు నిలువులెత్తు. నా కుడి మోకాలు ఏనాడో చెడింది. అందుకని ఎక్కి మార్చేది మా బావమరిది. మార్చమని చెప్పేది నేను. చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, ఆ ఏడు మా ఇద్దరికీ మాటల్లేవు.

అంతకు ముందు సీజన్‌లో వాడు తాగి పడవెక్కాడు. ఓనరుకి చెప్పింది నేనే. ఎవరి ప్రాణం మీదికైనా వస్తుందని చెప్పాను. వాడి ఫోటోలు చూసి నీ కడుపు మండింది, అందుకే చెప్పావు అంది మా ఆవిడ. నేను ఒప్పుకోలేదు. ఓనరు వాణ్ణి మూడు నెలలు పడవెక్కనివ్వలేదు. తిరిగి పెట్టుకుంటూ, ఇంకొక్కసారి ఇలా జరిగితే గైడు కార్డు లాగేసుకుంటాను, ఏ దీవిలోనూ నిన్ను నీళ్ళలోకి దిగనివ్వరు అని కచ్చితంగా చెప్పాడు. వాడికి ఆ కార్డు తప్ప ఇంకో బతుకు లేదు. అక్క ఎదుట నిలబడి ఇక ముట్టనన్నాడు. నిజంగానే ముట్టలేదు. నాతో మాటలూ ఆ రోజే మానేశాడు. తాగుడునీ నన్నూ ఒకేసారి వదిలించుకున్నాడు.

ఉండేది మాత్రం ఒకే కప్పు కింద. షాపు వెనక రెండు గదులు, ఒకటి మాది, ఒకటి వాడిది. తినే బల్ల ఒకటే. మజ్జిగ గిన్నె ఇటు జరపమని మీవాడికి చెప్పు అని నేననేవాణ్ణి. విన్నావుగా అనేది మా ఆవిడ. ఆయనగారి చెయ్యి అందదటా అని వాడు అక్కని అడిగేవాడు. మధ్యలో ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, గిన్నె తీసుకుని తన పళ్ళెంలో ఒంపుకునేది. షాపు రబ్బరు సూట్లన్నీ ఉతికేది ఆవిడే. చేతులెప్పుడూ తడిగానే ఉండేవి. ఏ కబురైనా ఆ తడిచేతుల మీదుగా పోవాల్సిందే.

సీజన్ మొదట్లోనే దీవికి వచ్చే కరెంటు కేబుల్ ఎక్కడో చెడింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనరేటరు మీదే బతుకు. అప్పుడే నాకు తలనొప్పి పట్టుకుంది. కణతల దగ్గర మొదలై పొద్దెక్కేకొద్దీ తల చుట్టూ తాడు బిగించినట్టుండేది. సిలిండర్లు ముప్పై ఆరుంటే ఒకసారి ముప్పై ఎనిమిది వచ్చేవి, ఒకసారి ముప్పై నాలుగు. చెప్పులు పనిముట్ల పెట్టెలో దొరికాయి. టీలో చక్కెర వేశానో లేదో తెలియక మళ్ళీ వేసి, తాగలేక పారబోశాను. వయసు మీద పడిందండీ అని మా ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఒకరోజు షెడ్డు గుమ్మంలో నిలబడి గుంజ మీది గుడ్డ చూశాను. అది ఎగరాల్సిన వైపు ఎగరడం లేదనిపించింది. దీనికి ఏదో చెయ్యాలి అనుకున్నాను. చేశాననే అనుకున్నాను.

లిఫ్టుల కంపెనీవాళ్ళు వచ్చింది అప్పుడే. పన్నెండు మంది. ఏడాది బాగా పనిచేశారని కంపెనీ పంపిందట. వాళ్ళ మేనేజరు పడవ దిగుతూనే వేళ్ళు మడిచి పన్నెండు లెక్కపెట్టాడు, మెట్లెక్కాక మళ్ళీ లెక్కపెట్టాడు. మా బావమరిది లోతు గురించి చెబుతుంటే ఒకడు లేచి, మీటర్లు కాదు, అంతస్తుల్లో చెప్పండి అన్నాడు. ఆరో అంతస్తు అన్నాడు మావాడు. కిందికా అని అడిగాడు వాడు. అందరూ ఘొల్లున నవ్వారు. ఆ అడిగినవాడు లిఫ్టు మేస్త్రీ, గుబురు మీసాల మనిషి. పడవ తాడు పట్టుకుని చూసి పెదవి విరిచాడు, నిచ్చెన మర బిగించాడు. చేతులు ఊరుకోని రకం.

రెండు రోజులు తీరం దగ్గర నేర్పాక, మూడో రోజు లోతుకి తీసుకెళ్ళారు. పడవలో సిలిండర్లు అందించే మనిషికి జ్వరమొస్తే ఓనరు నన్నెక్కించాడు. ఆరుగురు చొప్పున రెండు జట్లు. ఒక్కో జట్టుని మా బావమరిది రెండేసి సార్లు దింపాలి. అంటే వాళ్ళు రెండు సిలిండర్లు పీలిస్తే వాడు నాలుగు పీలుస్తాడు. ఆ లెక్క నాకు ఆ రోజు తట్టలేదు.

మూడో సిలిండరు దాకా సజావుగానే నడిచింది. మధ్యలో వాడు పడవ అంచున కూర్చుని నుదురు నొక్కుకోవడం చూశాను. ఎండేమో అనుకున్నాను. ఏమైందని అడగడానికి మా ఆవిడ అక్కడ లేదు.

నాలుగోసారి దిగినప్పుడు, తేలాల్సిన చోట ఎవరూ తేలలేదు. పడవకి ఇటువైపు అందరం చూస్తుంటే, వెనక ఎక్కడో దూరంగా నవ్వు వినిపించింది. తిరిగి చూస్తే మా బావమరిది. నీళ్ళ మీద వెల్లకిలా తేలుతూ తనలో తనే నవ్వుకుంటున్నాడు. వాడి చుట్టూ తలలు ఐదే ఉన్నాయి. పన్నెండు మందిని రోజుకి ఇరవైసార్లు లెక్కపెట్టే మేనేజరే లేడు.  కాసేపటికి ఆయన పడవకి ఇంకో పక్క ఒక్కడే తేలాడు. మాస్కు మెడలోకి జారిపోయి ఉంది. అందరూ చూస్తున్నారన్న స్పృహ కూడా లేకుండా ఏడ్చాడు. కింద గైడు ఒక రాతిని చూపించి పట్టుకో అన్నాడట, పట్టుకున్నాక తనని వదిలేసి మిగతా ఐదుగురితో ఇంకోవైపు వెళ్ళిపోయాడట.

మా బావమరిది నిచ్చెన మెట్టు అందుకోబోయి రెండుసార్లు గాలిని పట్టుకున్నాడు. ముఖం ఎర్రగా కందిపోయింది. పైకి లాగి కూర్చోబెడితే నావైపు చూశాడు. ఏడాది తర్వాత మొదటిసారి నాతో మాట్లాడాడు.

"బావా. గాలి ఎటుంది బావా?"

ఇంకేదో అనబోయి, పడవ అంచు మీదికి వాలి వాంతి చేసుకున్నాడు.  తాగినవాడు తప్ప ఎవరూ అలా నవ్వరు. కానీ వాడు తాగింది ఎప్పుడు? పొద్దున్నుంచి నా కళ్ళ ముందే ఉన్నాడు. అయినా పోయిన ఏడు మాత్రం నేను చూస్తుండగా తాగాడా?

రేవులో ఓనరు నిలబడి ఉన్నాడు. మేనేజరు చెప్పిందంతా తల వంచుకుని విన్నాడు. మా బావమరిదిని షాపులో బెంచీ మీద కూర్చోబెట్టి, నన్ను పక్కకి పిలిచాడు. నువ్వు ఇంటి మనిషివి, నేను చూస్తే అవమానంగా ఉంటుంది, నువ్వెళ్ళి వాసన వస్తోందో లేదో చూడమన్నాడు.

వెళ్ళి వంగాను. మోకాలు కలుక్కుమంది. వాడు కళ్ళు మూసుకుని ఉన్నాడు. గడ్డం కొసన నీటి బొట్టు వేలాడుతోంది. రబ్బరు వాసన, ఉప్పునీటి వాసన, పిప్పరమెంటు వాసన. తాగుడు మానేశాక వాడి నోట్లో ఎప్పుడూ పిప్పరమెంటు ఉండేది. తాగి పడవెక్కిన ఆ రోజున కూడా ఉంది. ఓనరు వెనక నిలబడి ఎదురుచూస్తున్నాడు. నా తల పగిలిపోతోంది.

"వస్తోంది" అన్నాను.

ఓనరు వాడి మెడలోని కార్డు తీసుకుని సొరుగులో వేశాడు.

ఇంట్లో కూడా గొడవేమీ జరగలేదు. మా ఆవిడ అరుస్తుందనుకున్నాను. ఉతుకుతున్న సూటు తొట్టిలో వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను తాగలేదక్కా అన్నాడు వాడు. ఆవిడ నావైపు చూసింది.

"మీకు నిజంగా వాసన వచ్చిందా?"

"ఓనరు ఎదురుగా అబద్ధమాడతానా?" అన్నాను.

ఆవిడ వాడి చొక్కాలు ఒక్కొక్కటే మడతపెట్టి సంచిలో సర్దింది. సాయంత్రం పడవకి వాడు వెళ్ళిపోయాడు. రేవు దాకా కూడా వెళ్ళలేదు ఆవిడ. తొట్టి దగ్గర కూర్చుని, ఉతికిన సూటునే మళ్ళీ ఉతికింది.

మర్నాడు పొద్దున లిఫ్టు మేస్త్రీ షెడ్డుకి వచ్చాడు. సామాను సర్దేసుకున్నాను, మధ్యాహ్నం పడవ దాకా తోచడం లేదు, మీ మిషను చూడొచ్చా అన్నాడు. పదకొండేళ్ళలో షెడ్డులో కాలు పెట్టిన మొదటి పట్నం మనిషి. స్టూలు తుడిచి వేశాను. కూర్చోలేదు. కంప్రెసర్ చుట్టూ ఒకసారి తిరిగి, గొట్టం పట్టుకుని దాని వెంబడే బయటికి నడిచాడు. వెనకే నేను. గుంజ మీది గుడ్డని చూశాడు. వెనక్కి తిరిగి జనరేటరుని చూశాడు. ఈ గాలి ఇలా ఎన్నాళ్ళ నుంచి వీస్తోందని అడిగాడు. పది రోజులై ఉంటుందన్నాను.

"మీకు తలనొప్పేమైనా వస్తోందా?"

"పది రోజుల నుంచీ."

అన్నాక, నా నోట్లోంచి వచ్చిన మాట నాకే వినిపించింది.

ఆయన ముందు వెళ్ళి జనరేటరు ఆపేశాడు. తర్వాత నిదానంగా చెప్పాడు. నిన్నటి నుంచి నాకూ, మావాళ్ళలో ఇంకో నలుగురికీ తల పగిలిపోతోంది, పడవ కుదుపు అనుకున్నాం. ఒకసారి బేస్‌మెంటులో జనరేటరు పెట్టి పనిచేస్తుంటే మా జతగాడొకడు ఇలాగే నవ్వుతూ నవ్వుతూ పడిపోయాడు. తాగాడని తిట్టాం. ఆసుపత్రిలో చెబితే తెలిసింది, పొగలో ఉండే విషమని. దానికి వాసన ఉండదు. ఎక్కువ పీల్చినవాణ్ణి ఎక్కువ కొడుతుంది.

నాలుగు సిలిండర్లు, అనుకున్నాను.

సముద్రం వైపు గుంజ ఎక్కాను. మేస్త్రీ కింద నుంచి కాళ్ళు పట్టుకున్నాడు. రెండు నిలువులెత్తు ఎక్కడానికి అరగంట పట్టింది. మోకాలు ఏడిపించింది. పైన ముడి విప్పుతుంటే గుడ్డ ముఖానికి తగిలింది. సముద్రం వైపు ఎగురుతోంది. ఇంత స్పష్టమైనది పది రోజులు ఎలా కనిపించలేదు? కనిపించింది. గాలి తిరిగినట్టుంది, గొట్టం మార్చమని మీవాడికి చెప్పు అని మా ఆవిడతో అన్నట్టు గుర్తుంది. తొట్టి దగ్గర సూటు పిండుతోంది, కుళాయి ధారగా పడుతోంది, కళ్ళకి కట్టినట్టుంది. చెబుదామని వెళ్ళి, ఎందుకొచ్చానో మరిచిపోయి వెనక్కి వచ్చినట్టూ గుర్తుంది. అదీ కళ్ళకి కట్టినట్టే ఉంది. రెండిట్లో జరిగింది ఏదో పైనుంచి కూడా తెలియలేదు.

దిగి ఓనరు దగ్గరికి వెళ్ళి చెప్పాను. నేను చెప్పకపోతే మేస్త్రీ చెప్పేవాడు, కాబట్టి నాదేదో మంచితనమనుకోవద్దు. ఓనరు లేచి వెళ్ళి పన్నెండు మందికీ చేతులు జోడించాడు, అందరినీ పడవలో ఆసుపత్రికి పంపించాడు. ఎవరికీ ఏమీ కాలేదని సాయంత్రం ఫోనొచ్చింది. మా బావమరిదికి ఓనరే ఫోను చేశాడు. నాతో ఒకే మాటన్నాడు. ఉన్న గాలంతా వదిలెయ్.

ముప్పై ఆరు సిలిండర్లూ బయట వరసగా నిలబెట్టి మూతులు తిప్పాను. ఆ హోరులో మనిషి మాట మనిషికి వినపడదు. ఇసుక లేచింది. మా ఆవిడ వచ్చి ఎదురుగా నిలబడింది. ఏదో అడుగుతోందనుకుని చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఆవిడ పెదవులు కదల్లేదు. ఆఖరి సిలిండరు చప్పబడేదాకా అలాగే నిలబడింది. ఈలోగా నేను అంతా వల్లించుకున్నాను. పొగ, తలనొప్పి, మతిమరుపు, నువ్వు వినిపించుకోలేదేమో అన్న మాట కూడా. ఆవిడకి మేస్త్రీ అప్పటికే అన్నీ చెప్పాడట.

"గాలి సంగతి సరే" అంది. "మరి వాసన?"

దానికి నేను సిద్ధంగా లేను. పది రోజులు ఆ పొగలో నేనూ ఉన్నాను కదా, నా ముక్కు నన్ను మోసం చేసిందేమో అన్నాను. ఆవిడ తొట్టి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఆవిడ నాతో మాట్లాడలేదు. వంట మానలేదు, నా చొక్కాలు ఉతకడం మానలేదు. మాట ఒక్కటే మానింది.

పన్నెండో రోజున మా బావమరిది వచ్చాడు. తిడతాడనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. సంచి భుజానే ఉంది, తలనొప్పి తగ్గిందా బావా అని అడిగాడు. దాంతో నాకు తిట్టు తిన్నంత పనైంది. ఓనరు సొరుగులోంచి కార్డు తీసి వాడి మెడలో తనే వేశాడు.

ఇక కబుర్లు వాడి మీదుగా నడిచాయి. అక్క అన్నానికి రమ్మంటోంది బావా అనేవాడు. ఆవిడ అక్కడే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో వడ్డిస్తూ ఉండేది. ఆకలి లేదని చెప్పు అంటే, విన్నావుగా అక్కా అనేవాడు. ఒక్కోసారి వాడికి నవ్వొచ్చేది. ఆవిడ చూసేసరికి మింగేసేవాడు.

సీజన్ ఆఖరి రోజున ఇద్దరం షెడ్డులో కూర్చుని సిలిండర్ల మూతులు తుడుస్తున్నాం. కరెంటు ఎప్పుడో వచ్చేసింది. జనరేటరు మీద టార్పాలిన్ కప్పేశాం.

"గుంజ మీది గుడ్డ నేనూ చూశాను బావా" అన్నాడు వాడు, చేతిలో పని ఆపకుండానే. "రోజూ చూశాను. నువ్వు కబురు పంపేదాకా ఎక్కకూడదనుకున్నాను."

 ఆ రోజు పడవలో నాతో ఏం చెప్పబోయావని అడిగాను.

"నీతో మాట్లాడానా?" అన్నాడు. నిజంగానే గుర్తు లేదు వాడికి.

ఇంకో రెండు మూతులు తుడిచాడు. తర్వాత గుడ్డ మడత పెట్టి పక్కన పెట్టాడు.

"అక్క అడగమంది."

"ఏమిటి?"

"ఆ రోజు వాసన వచ్చిందా, లేదా అని."

గుమ్మంలోంచి తొట్టి కనిపిస్తోంది. ఆవిడ అటు తిరిగి కూర్చుంది. కుళాయి పోస్తోంది. నేను వంగిన క్షణం మళ్ళీ తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. గడ్డం కొసన నీటి బొట్టు, రబ్బరు, ఉప్పు, పిప్పరమెంటు. కొన్ని రోజులు తలుచుకుంటే పిప్పరమెంటు అడుగున ఇంకేదో ఉన్నట్టే ఉండేది. కొన్ని రోజులు ఉండేది కాదు. ఆ రోజు లేదు.

"రాలేదని చెప్పు" అన్నాను.

వాడు నా ముఖంలోకి చూడలేదు. చేతులు తుడుచుకుని వెళ్ళాడు. ఆవిడ పక్కన నిలబడ్డాడు. పెదవులు కదిలాయి. ఆవిడ తలెత్తలేదు. తొట్టిలోంచి ఇంకో సూటు తీసి పిండింది. వాడు తిరిగొచ్చి కూర్చుని ఇంకో సిలిండరు ముందుకి లాక్కున్నాడు.

"చెప్పావా?"

"చెప్పాను."

"ఏమంది?"

"ఏమీ అనలేదు. ఆ కుళాయి చప్పుడులో వినపడిందో లేదో బావా. మళ్ళీ చెప్పి రానా?"

నేను గోడ పట్టుకుని లేచాను. మోకాలు కలుక్కుమంది. తొట్టి దాకా పట్టుమని పాతిక అడుగులు లేవు. వెళ్ళి ముందు కుళాయి కట్టేశాను.